కథల వాకిలి: సావింట్లో వచ్చిన నవ్వు

పోయిన సంచికలో పల్లె కథల్లోని నవ్వు గురించి రాస్తూ, మీ ఊళ్లో దుఃఖం నడుమ నవ్విన సందర్భం ఏదైనా ఉంటే రాయమని అడిగాను. చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం మన చిత్తూరు, తిరుపతి వైపు నుంచే. ఇలాంటివి రాస్తే పాపమేమో అని చాలామంది భయపడ్డారు. ఆ భయంతో రాసిన ఉత్తరంతోనే మొదలుపెడతాను.

ప్రశ్న: టీచరమ్మా, మా మేనమామ చనిపోయిన రోజు జరిగిన సంగతిని కథగా రాశాను. పాడె మోసినవాళ్లలో ఇద్దరికి పొలం గట్టు తగాదా ఉంది. పాడె భుజాన పెట్టుకొని కూడా శ్మశానం దాకా పోట్లాడుకుంటూనే పోయారు. చూసినవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. మా అమ్మ కథ చదివి ఏడ్చింది. "మీ మామ సావు నీకు నవ్వులాటగా ఉందా" అంది. చించెయ్యమంటారా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: చించొద్దు నాయనా. ముందు నా ఇంట్లో జరిగింది చెబుతాను, విను.

2025 జూన్‌లో మా పెద్దమ్మ పోయింది. బంగారుపాళెం దగ్గర పల్లె. ఆ నెల మన జిల్లాలో మామిడి రైతుకు ఎలా గడిచిందో నీకూ తెలుసు. తోతాపురి ధర పడిపోయింది. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. కానీ ముందు కాయ ఫ్యాక్టరీ లోపలికి పోవాలి కదా. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలబడ్డాయి. మా పెద్దమ్మ కొడుకులిద్దరూ రెండు ట్రాక్టర్ల కాయతో లైన్లో ఉన్నారు. అది మూడో రాత్రి. లైను వదిలితే మళ్లీ కడాకు పోవాలి. కింది కాయ అప్పటికే మెత్తబడి నీళ్లు కారుతోంది.

మా పెద్దమ్మ ఏటా ఒక మాట చెప్పేది. "కాయకోతల్లో నేను సావనులేబ్బా. మీకు పని చెడుతుంది." నవ్వులాటకు కాదు, నిజంగానే మాట ఇచ్చినట్టు చెప్పేది. ఆ రోజు తెల్లవారుజామున కన్ను మూసింది.

పెద్దోడు బస్సెక్కి వచ్చాడు. చిన్నోడు రాలేదు. లైను కదిలినప్పుడల్లా రెండు ట్రాక్టర్లనూ ముందుకు జరపడానికి ఒక మనిషి కావాలి. ఊళ్లో సగం మంది మగవాళ్లు అదే లైన్లో ఉన్నారు. పాడె మోయడానికి ఇంటర్ చదివే పిల్లల్ని పిలుచుకొచ్చారు.

మా ఊళ్లో శోకం బాగా పెట్టే ఆమె ఒకతి ఉంది. నాకు వరసకు వదిన అవుతుంది. ఆమె వచ్చి మా పెద్దమ్మ కాళ్ల దగ్గర కూర్చొని గుండెలు బాదుకుంటూ ఎత్తుకుంది.

"కాయకోతల్లో సావనంటివే అమ్మా, మాట తప్పితివే అమ్మా. నీ పెద్దకొడుకు వచ్చెనే, నీ సిన్నకొడుకు లైన్లో ఉండెనే. వాని టోకెను నూటా నలభై ఆయెనే, యముని కాడ లైనే లేకపాయెనే. నీ వంతు ముందే వచ్చెనే అమ్మా..."

పెద్దోడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకొని నేను దగ్గరికి పోయి వీపు మీద చెయ్యేశాను. నవ్వుతున్నాడు. ఆ నవ్వు నాకంటుకుంది, మా చెల్లెళ్లకంటుకుంది, చివరికి శోకం పెట్టే వదినే నవ్వేసి, ఆ నవ్వులోంచే మళ్లీ శోకం అందుకుంది. ఎవరో ఫోన్లో చిన్నోడికి ఇదంతా వినిపిస్తున్నారు. వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. వాడి వెనక ట్రాక్టరు మాత్రం హారన్ కొడుతూనే ఉంది, లైను కదిలింది ముందుకు పోనీ అని.

ఇప్పుడు నీ కథకు వస్తాను. మా వదిన కయ్యలో కూడా ఆ ఏడు తోతాపురే ఉంది. ఆమె టోకెన్ గురించి ఏడ్చిందంటే తన టోకెన్ గురించి కూడా ఏడ్చినట్టే. అందుకే ఆ మాటకు ఎవరికీ నొప్పి పుట్టలేదు. నీ ఉత్తరంలో "చూసినవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు" అని రాశావు. వాళ్లెవరు? పాడె మోయనివాళ్లు, గట్టు లేనివాళ్లు. మీ అమ్మకు అక్కడే దెబ్బ తగిలింది. తమ్ముడి పాడెను పక్కవాళ్లు వేడుకలాగా చూస్తున్నారు కదా.

ఒకటి అడుగుతాను. ఆ గట్టు తగాదాలో మీ మామ ఎవరి పక్క? ఏనాడైనా తాడు పట్టుకొని ఆ గట్టు కొలిచాడా? పల్లెలో ఇలాంటి తగాదాలో చనిపోయినాయన ఏదో ఒక మాట చెప్పే ఉంటాడు. ఆ ఇద్దరి పోట్లాట మధ్యలోకి ఆ మాట రానివ్వు. "ఆయప్ప ఉండుంటే తేల్చేవాడు" అని ఒకడు, "ఇదో, పైనే ఉండాడు గదా, అడుగు" అని ఇంకొకడు అన్నారనుకో. అప్పుడు నవ్వే హక్కు ఆ ఇద్దరిది, భుజం మీద బరువు ఉన్నవాళ్లది. మీ అమ్మ మళ్లీ ఏడవచ్చు. కానీ ఈసారి నిన్ను తిట్టదు.

ప్రశ్న: బోర్లు ఎండిపోయి అప్పులతో మనుషులు చచ్చిపోతున్న ఊళ్ల గురించి నవ్వు వచ్చే కథ రాయడం న్యాయమేనా మేడమ్? మీ బోరు కథ చదివి నవ్వాను. తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది.
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: మీ కోపం మంచిదే అయ్యా. ఆ కథ చదవనివాళ్ల కోసం అందులోని అసలు సంగతి చెబుతాను. అది నేను కల్పించింది కాదు. మా చిన్నాయన చేను దగ్గర నా కళ్లముందు జరిగింది.

ఆయన అప్పటికే నాలుగు బోర్లు వేసి ఉన్నాడు. ఐదో దానికి అరచేతిలో టెంకాయ పెట్టుకొని నడిచే ఆయన వచ్చాడు. టెంకాయ నిక్కి నిలబడిన చోట సున్నం గుర్తు పెట్టాడు. తిరుచెంగోడు నుంచి బోరు బండి వచ్చింది. మన వైపు పల్లెల్లో తిరిగే బోరు బండ్లు చాలావరకు తమిళనాడులోని ఆ ఊరివే. అడుగుకింత అని లెక్క, లోతు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, కేసింగ్ పైపు ఖర్చు వేరే. అంటే నీళ్లు దూరమయ్యేకొద్దీ ఆశ ఖరీదు పెరుగుతుంది. మూడు నూర్ల అడుగులకే రాయి తగిలింది. అక్కడినుంచి తెల్లటి దుమ్ము, దుమ్ము, దుమ్ము. సాయంత్రానికి మా చిన్నాయన తల నుంచి కాళ్ల దాకా పిండిలో దొర్లినట్టు అయిపోయాడు.

మా చిన్నమ్మ సంగటి, ఊరిబిండి గిన్నెలో పెట్టుకొని వచ్చింది. ఆ తెల్లటి మనిషిని గుర్తుపట్టలేదు. బండివాళ్లలో ఒకడు అనుకొని, "నాయనా, మా ఇంటాయన యాడికి పొయినాడు?" అని అడిగింది.

ఆయన కదల్లేదు. "బోరులోకి పొయినాడు మే. తొమ్మిదినూర్ల అడుగుల కాడ ఉండాడు. పిలిచి సూడు, పలుకుతాడేమో" అన్నాడు.

ఆమె గొంతు గుర్తుపట్టింది. గుర్తుపట్టి కూడా ఆ ఆరున్నర అంగుళాల బొక్క మీదికి వంగి, "పాపోళ్ల నాయనా, సంగటి తెచ్చుండా, పైకి రా" అని గట్టిగా పిలిచింది. బండివాళ్లు మిషను ఆపేశారు. వాళ్లకు తెలుగు అంతంత మాత్రమే వచ్చు, అయినా నవ్వారు. ఆమె నవ్వింది. ఆయన నవ్వాడు, నవ్వితే ముఖం మీది దుమ్ము బీటలు వారింది. తర్వాత ఇద్దరూ మట్టి కుప్ప మీద కూర్చొని ఆ సంగటి తిన్నారు. రాత్రి పది దాకా ఎవరూ ఇంకొక మాట మాట్లాడలేదు.

ఆమె ఆనాడు అలా ఎందుకు పిలిచిందో నేను ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను. ఆయన్ను నిజంగానే ఆ బొక్కలోంచి పైకి లాగాలనుకుందేమో.

ఇది రాశాను. ఇంకొకటి రాసి వెనక్కి తీసుకున్నాను. అది కూడా చెప్పాలి. అప్పుల్లో ప్రాణం తీసుకున్న ఒక రైతు ఇంటికి అప్పులవాళ్లు పరామర్శకు వచ్చి, ఏడుస్తూనే ఒకరికి తెలియకుండా ఒకరు లెక్క పెంచి చెప్పే కథ. చదివినవాళ్లు బాగుందన్నారు. ఒక పత్రిక తీసుకుంది. అచ్చు కాకముందే మా దూరపు చుట్టాల్లో అలాంటి చావే జరిగింది. పోయాను. ఆ ఇంటామె లోపలినుంచి ఒక నోటు పుస్తకం తెచ్చి వాకిట్లో కూర్చున్నవాళ్ల ముందు పెట్టింది. "ఎవరికి ఎంతో ఆయనే రాసుండాడు. మీరు చెప్పేదానికన్నా ఇందులోనే ఎక్కువుంది, వడ్డీ గూడా ఏసుండాడు" అంది. అప్పులవాళ్లు తలెత్తలేదు.

నేను కల్పించిన నవ్వు ఎంత చవకబారుదో ఆ రోజు నాకు తెలిసింది. నేను అలాంటి ఇంట్లో కూర్చోకుండానే ఆ ఇంటి గురించి నవ్వు పుట్టించాను. మర్నాడే పత్రికకు ఫోన్ చేసి కథ ఆపించాను. మీరు అడిగిన న్యాయం గురించి నాకు తెలిసిన కొలత అదొక్కటే. ఆ నవ్వు దెబ్బ తిన్నవాళ్ల నోట్లోంచి వచ్చిందా, కథ రాసేవాళ్ల నోట్లోంచి వచ్చిందా అని చూసుకోవడం. పత్రికలు అడిగినా, స్నేహితులు మెచ్చుకున్నా, రెండోదాన్ని నేను ఒప్పుకోను.

ప్రశ్న: మా చెరకు తోటను ఏనుగులు తొక్కేశాయి. పరిహారం కాగితాలు పట్టుకొని పోతే, ఒక ఆఫీసులో ఒకాయన "ఏనుగు తినేటప్పుడు ఫోటో తీసుండాల్సింది" అన్నాడు. ఇది కథ అవుతుందా?
– ఒక పాఠకుడు, కుప్పం

జవాబు: అవుతుంది. ఆ మాట విని మీరు ఇంటికి పోయి మీ నాయనకు ఎలా చెప్పారో, ఆయన ఏమన్నాడో అక్కడినుంచి రాయండి. ఆఫీసు సన్నివేశం రెండు వాక్యాలు చాలు. కౌండిన్య అడవి అంచున ఉన్న ఊళ్లలో రాత్రి కాపలా ఎలా కాస్తారో బయటివాళ్లకు తెలియదు. టపాకాయలు, మంచె, డబ్బా మోత, నిద్రలేని పిల్లలు అన్నీ వివరంగా రాయండి.

ప్రశ్న: మాది పీలేరు. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. కథ మన యాసలో రాస్తే గుంటూరు, హైదరాబాదు వాళ్లకు అర్థం కాదని స్నేహితులు అంటున్నారు. మార్చాలా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మాటల్లో మార్చొద్దమ్మా. "ఎనుము సచ్చిపాయె, దుడ్లు యాడ తెచ్చేది" అన్న మాటను "గేదె చనిపోయింది, డబ్బులు ఎక్కడినుంచి తేవాలి" అని మార్చి చదివి చూడు. మొదటిదాంట్లో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. రెండోదాంట్లో సమాచారం ఉంది. దుఃఖంలోంచి పుట్టే ఈ నల్లటి నవ్వు అంతా మాట విరుపులోనే ఉంటుంది, ఆ విరుపు పోతే దుఃఖం మాత్రం మిగిలి కథ బరువెక్కిపోతుంది.

కథ చెప్పే భాగం మాత్రం అందరికీ తెలిసిన తెలుగులో ఉండొచ్చు. మన జిల్లాలో బడిపంతులుగా పనిచేసిన మధురాంతకం రాజారాం గారు చక్కటి వాడుక తెలుగులోనే పల్లె జీవితాన్ని చెప్పారు. 1993లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పూర్తి యాసలో రాసి దేశమంతా చదివించుకున్నవాళ్లూ మన జిల్లాలోనే ఉన్నారు. చెనిక్కాయలు, బొరుగులు అంటే అర్థం కానివాళ్లు ఒక పేజీ చదివేసరికి తెలుసుకుంటారు. పాఠకుల మీద ఆ మాత్రం నమ్మకం పెట్టుకో.

ప్రశ్న: ఈ తరహా కథల్లో ఆడవాళ్లు అయితే గయ్యాళులు, కాకపోతే ఏడ్చేవాళ్లు. నవ్వంతా మగవాళ్లది. చదివీ చదివీ విసుగొచ్చింది.
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: నాకూ వచ్చిందమ్మా. మొగుణ్ణి కొట్టే పెళ్లాం, కోడల్ని సాధించే అత్త కనబడగానే కథ పక్కన పెట్టేస్తాను. అలా రాసేవాళ్లు మన ఊళ్లలో ఆడవాళ్లు మాత్రమే కూర్చున్నప్పుడు ఏం మాట్లాడుకుంటారో విని ఉండరు. చెనిక్కాయలు ఒలిచేటప్పుడు, పితికిపప్పుకు అనపగింజలు పితికేటప్పుడు ఒక గంట కూర్చుంటే చాలు.

తిరుపతిలో మా ఇంటినుంచి తాతయ్యగుంట గంగమ్మ గుడికి నడిచిపోవచ్చు. మే నెలలో జాతర మొదలైతే వీధంతా వేషాలే. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. వేషం కట్టినవాళ్లు బూతులు తిడితే ఎవరూ ఎదురు తిట్టరు. నా చిన్నప్పుడు ఆ తిట్లు విని చెవులు మూసుకునేదాన్ని. పెద్దయ్యాక దాని వెనకున్న కథ మా జేజి చెప్పింది. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు ఒకడుండేవాడట. గంగమ్మకు భయపడి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె రోజుకొక వేషం కట్టి ఊరంతా తిట్టుకుంటూ తిరిగింది. దొర వేషంలో వచ్చిన రోజు వాడు మోసపోయి బయటికి వచ్చాడు, ఆమె తల నరికింది. ఆ తర్వాత మాతంగి వేషంలో పోయి వాడి పెళ్లాన్ని ఓదార్చిందని చెప్పుకుంటారు.

తిట్టు, వేషం, నవ్వు, తెగిన తల, విధవను ఓదార్చడం అన్నీ ఒకే ఆడమనిషి చేతిలో ఉన్నాయి చూడు. మన ఊళ్లో ఇలాంటి కథ ఇంత కాలంగా వీధుల్లో నడుస్తుంటే, ఆడవాళ్లకు నవ్వడం రాదని ఎలా రాస్తారో నాకు అర్థం కాదు. నువ్వు రాయి. ఓదార్పు దగ్గర్నుంచి మొదలుపెట్టు. చంపినామె, చచ్చినవాడి పెళ్లాం ఎదురెదురుగా కూర్చున్నారు. మొదటి మాట ఎవరు మాట్లాడారు?

ప్రశ్న: ఇలాంటి కథ ఎన్ని పేజీలు ఉండాలి?
– ఒక పాఠకుడు, నగరి

జవాబు: నాలుగు. ఆరు దాటితే నవ్వు చల్లారిపోతుంది.

ప్రశ్న: నేను పంపిన "దుర్యోధనుడు" కథ గురించి మీ అభిప్రాయం చెప్పండి. చివర్లో పోలీసులు వచ్చి పట్టుకోవడం బాగుందా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఈ నెల వచ్చిన వాటిలో నాకు ఎక్కువ నచ్చింది మీ కథే. చదవనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక ఊళ్లో చీటీలు నడిపే ఆయన ఏటా భారతంలో దుర్యోధనుడి వేషం కడతాడు. చీటీలు మునిగిపోయి ఊరు విడిచి పారిపోతాడు. ఆ ఏడు ధర్మరాజుల గుడి దగ్గర భారతం మొదలవుతుంది. పద్దెనిమిది రోజులూ పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. దుర్యోధనుడు దొరకడు. చివరి రోజు తెల్లవారుజామున, భారతం మిట్ట మీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ పక్కన, కిరీటం పెట్టుకొని ఆయనే నిలబడి ఉంటాడు.

ఆ ఘట్టం చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. మన వైపు దుర్యోధన వధ చూసినవాళ్లకు తెలుసు, తొడ మీద భీముడి గద పడగానే ఆడవాళ్లు చీపుర్లు తెచ్చి ఆ మట్టి బొమ్మను బాదుతారు. మీ కథలో చీటీ డబ్బులు పోగొట్టుకున్న ఆడవాళ్లే ఆ చీపుర్లు పట్టుకొని వస్తారు. బొమ్మను కొడుతూ కొడుతూ వేషం మీదికి తిరుగుతారు. ఆయన పారిపోడు. పద్యం కూడా ఆపడు. ఆయన పెళ్లాం కూడా చీపురు పట్టుకొని వస్తుంది. ఆ ఒక్క మాటతో మీరు నన్ను కట్టేశారు.

తర్వాత పోలీసు జీపు ఎందుకు? ఆయన వచ్చిందే దెబ్బలు తినడానికి. వేషంలో ఉంటే తప్ప ఆ ఊరివాళ్ల ముఖాలు చూడలేడు కాబట్టి వేషంలో వచ్చాడు. జీపు రాగానే అది పేపర్లో వార్త అయిపోయింది. దాన్ని పూర్తిగా తీసెయ్యండి.

బదులుగా పెళ్లాం దగ్గర ఇంకొంచెం నిలబడండి. ఆమె చీపురు ఎత్తిందని రాశారు గానీ కొట్టిందో లేదో రాయలేదు. ఆమె చీటీ కూడా అందులోనే ఉందా? కూతురి పెళ్లి కోసం కట్టిందా? కొడితే ఎక్కడ కొట్టింది, మట్టి తొడ మీదా, మనిషి మీదా? ఆ క్షణంలో ఆయన పద్యంలో ఏ పాదం దగ్గర ఉన్నాడు? హార్మోనియం వాయించే ఆయన ఆపాడా, వాయిస్తూనే ఉన్నాడా? నాకైతే ఆపలేదనిపిస్తోంది. మీ ఊరి భారతం మిట్ట దగ్గరికి ఒకసారి పోయి, హార్మోనియం పెట్టెను ఎక్కడ పెడతారో చూసి వచ్చి రాయండి. వచ్చే నెల పదో తేదీలోపు పంపితే ఇదే పత్రికలో వేయమని నేను సంపాదకుల్ని అడుగుతాను.